అయిదో మెట్టు మీద అమ్మ

సోమవారం

రోడ్డు కాపలా చిట్టాలో ఒక్కో సంఘటనకు మూడు లైన్లు మించి రాయకూడదని పైనుంచి ఆర్డరొచ్చింది. చదివేవాళ్ళకు తీరిక లేదట. తీరిక లేకపోతే చదవడం మానెయ్యండి. నేను సార్జెంట్ పైడమ్మని, ఉప్పుమళ్ళ రోడ్డు పోస్టు. ఈ రోడ్డు మీద శవాల్ని ఎత్తేది నేను, కాబట్టి నా ఇష్టమొచ్చినంత రాస్తాను.

పొద్దున్న డ్యూటీ ఎక్కి టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, దూరంగా ధడేల్‌మని చప్పుడు. నేనూ మా కానిస్టేబుల్ దాలినాయుడూ వెళ్ళేసరికి ఒక కుర్రాడు ఉప్పుమడిలో వెల్లకిలా పడున్నాడు. బండి ఎక్కడో గట్టుకు కొట్టుకుని రెండు ముక్కలైంది. వాడి కాలి ఎముక బయటికి కనిపిస్తోంది. వాడు మాత్రం నవ్వుతున్నాడు.

"ఎక్కీసినాను మేడం! అయిదో మెట్టు ఎక్కీసినాను. మా యమ్మ ఏడ్సింది మేడం, ఏటి ఏడ్సిందనుకున్నారు!"

"నోర్ముయ్యి. ముందు కాలు సూసుకో," అన్నాను.

వాడి పేరు తవిటయ్య. హెల్మెట్ ఊడిపోయి ఉప్పునీళ్ళలో పడింది. అందులోంచి ఆడమనిషి ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. "ఎల్లిపోనావా... నన్నొగ్గీసి ఎల్లిపోనావా..." అని ఒక వెక్కు, ఆ వెక్కు వెనకే చిన్న దగ్గు, మళ్ళీ ఏడుపు. బండి పడితే హెల్మెట్ అప్పుడున్న మెట్టు మీదే ఆగిపోతుంది. మేం వచ్చి తాళం తిప్పేదాకా ఏడుస్తూనే ఉంటుంది. 

ఈ ఇంటిగొంతు పెట్టినప్పుడు ఎంత గొప్పగా చెప్పారు! అంతకుముందు బళ్ళకే వేగం హద్దు ఉండేది, దాన్ని మించి కదిలేవి కావు. ఉప్పెన వచ్చిన రోజు వెనక నీళ్ళు తరుముకొస్తుంటే కూడా ఆ బళ్ళు తమ హద్దులోనే నిదానంగా నడిచాయి. జనం బళ్ళ మీద కూర్చునే పోయారు. ఆ తర్వాత మనిషి చేతిని ఏ యంత్రమూ ఆపకూడదని చట్టం చేశారు. యంత్రం ఆపకూడదు గనక, ఇంట్లో ఎదురుచూసే మనిషి ఆపాలన్నారు. అందుకే ప్రతి హెల్మెట్‌లోనూ ఒక ఇంటి మనిషి గొంతు. అరవై దాటితే మొదటి మెట్టు, "మెల్లగా" అంటుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకో మెట్టు, ఇంకో మెట్టు. బతిమాలడం, తిట్లు, ఒట్లు. నూట ఇరవై దాటితే అయిదో మెట్టు. బండి తోలే మనిషి పోయాడని ఊహించుకుని ఆ ఇంటి మనిషి ఏడ్చిన ఏడుపు. గొంతుల ఆఫీసులో తలుపులు వేసి రికార్డు చేస్తారు. బండి ఆగి ఉండగా ఎవరికీ వినిపించరు, వినిపిస్తే దాని పదును పోతుందట. ఆ ఏడుపు వినాలంటే ఆ వేగం వెళ్ళాల్సిందే.

భయపెట్టడానికి పెట్టినదాన్ని మా తీరం కుర్రకారు ఆట చేసేశారు. ఎవడి అమ్మ ఎక్కువ ఏడ్చింది, ఎవడి పెళ్ళాం గుండెలు బాదుకుంది, ఇవీ వాళ్ళ గొప్పలు. ఎవడి హెల్మెట్ వాడికే వినిపిస్తుంది గనక ఎవడి గొప్ప వాడిదే. పైకి రాశాను, ఒకసారి కాదు. బుద్ధిగా మూడు లైన్లలోనే రాశాను. జవాబు లేదు.

తవిటయ్య తల్లి పక్క మళ్ళలోనే ఉప్పు గీకుతోంది. పరుగెత్తుకొచ్చి కాలు చూసింది, వాడి చెంప మీద ఒకటి ఇచ్చింది, తల ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు ఆవిడకి హెల్మెట్ వినిపించింది.

"ఎవులమ్మా ఆ ఏడిసే మనిసి?" అంది.

"నీ గొంతే కదమ్మా."

"నా గొంతేటి? నానెప్పుడేడ్సినాను?"

కొడుకు రక్తం చూసి మతి చెదిరిందనుకున్నాను. తాళం తిప్పి హెల్మెట్ నోరు మూయించాను. గొంతుల ఆఫీసు నుంచి తీసుకెళ్ళే మనిషి రాలేదు, పోస్టు బీరువాలో పెట్టాను.

మంగళవారం

రోడ్డు మీద ఏమీ జరగలేదు. జరిగిందంతా ఇంట్లో. ఇది డ్యూటీ చిట్టా, ఇంటి గొడవలు రాయకూడదంటారు. మా ఇంటి గొడవ ఈ రోడ్డు గొడవే. రాస్తున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా కోమలి వాకిట్లో బండి కడుగుతోంది. ఈ తీరంలో మంచినీళ్ళు మనిషికన్నా ముందు బండికి పోస్తాం, లేకపోతే ఉప్పు ఇనుమును తినేస్తుంది. కోమలి మా అక్క ఎర్నమ్మ కూతురు. ఏరు అవతలి పల్లెలకు మందులు మోసే ఉద్యోగం. అక్క పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే ఉంటోంది. పేరు పెట్టినవాళ్ళు ఏం చూసి పెట్టారో గానీ, కోమలి నోటికి జడిసి మా వీధిలో కుక్కలు కూడా మొరగవు.

దగ్గరికెళ్ళి చూస్తే బండికి మందుల పెట్టె లేదు. పెట్టె బిగించే చట్రమూ లేదు. అద్దాలు ఊడదీసింది, వెనక మడ్‌గార్డు తీసేసింది. బరువు తగ్గించడానికి ఇవన్నీ ఎవరు పీకేస్తారో నాకు తెలియదా? అలాంటి బళ్ళనే కదా ముక్కలుగా ఏరుతున్నాను.

"ఏటిది?" అన్నాను.

"ఏటుంది? బండి."

"నాతో యెటకారాలాడకు. ఎన్నో మెట్టు దాకా ఎల్లినావు?"

అది గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. నా వైపు చూడకుండానే, "నాలుగు," అంది.

 కోపం తన్నుకొచ్చింది. చేతిలో ఉన్న లాఠీ వాకిట్లో విసిరికొట్టాను. వాడెవడో తవిటయ్య అయితే తిట్టి అంబులెన్సు ఎక్కిస్తాను. ఇది నా పిల్ల. నేను పెళ్ళి చేసుకోలేదు, నాకున్నది ఇదొక్కతే.

శుక్రవారం అక్క సంవత్సరీకం. పోయిన మనిషి గొంతు హెల్మెట్‌లో సంవత్సరీకం దాకానే ఉండనిస్తారు. ఆ రోజుకి బతికున్న మనిషి గొంతు ఎక్కించుకోకపోతే బండి రోడ్డెక్కనివ్వరు. పోయినవాళ్ళు ఎవరికోసమూ ఎదురుచూడరు కదా అని గొంతుల ఆఫీసు వాదన. కోమలికి నా గొంతు ఎక్కించాలని ఎప్పుడో అనుకున్నాం. అది రేపు రేపు అంటూ నెట్టుకొస్తోంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"అమ్మ నాకోసం ఒక్కపాలి ఏడ్సింది పిన్నీ," అంది. "అది ఆ హెల్మెట్‌లో ఉంది. శుక్రవారం తుడిసేత్తారు. ఇనకుండా ఎలగ ఒగ్గీమంటావు?"

"పొద్దస్తమానం తిట్టింది కదే, సాలదా?"

"అదే కదా! తిట్లే ఇన్నాను. పుట్టినకాడ్నించి తిట్లే. ఆలీసమొస్తే తిట్టు, బేగి వొస్తే తిట్టు. జొరమొచ్చి పోయిననాడు నాను ఊరోళ్ళకి మందులు మోస్తన్నాను. ఆకరి మాట కూడా ఇన్లేదు." తీగ మీది గుడ్డ లాగి మళ్ళీ బండి తుడవడం మొదలెట్టింది. "నానంటే పేణమో కాదో, ఒక్కపాలి దాని నోట ఇనాల."

"పేణమేనే. నాకు తెల్సు."

"నీకు తెల్సు. నాకు తెలవాల."

 మా అక్క ఉప్పుమళ్ళలో పని చేసి చేసి చేతులే కాదు, మాటలు కూడా గరుకెక్కిపోయిన మనిషి. పిల్లని దగ్గరికి తీసుకుని బుజ్జగించడం నేనెప్పుడూ చూడలేదు. బ్యాటరీ దాచేద్దామనుకున్నాను. దాస్తే మాత్రం, బడ్డీకి వెళ్ళి ఇంకోటి పెట్టించుకుంటుంది. వండిన కూర ఇద్దరం తినలేదు.

బుధవారం

ఈరోజు మనిషి పోయాడు. చేపల వలలు కుట్టే ముసలయ్య, పేరే ముసలయ్య గానీ నిండా నలభై లేవు. ఇద్దరు పిల్లలు. ఈ వయసులో వాడికి అయిదో మెట్టు ఎందుకని అడిగితే, పెళ్ళాంతో నిన్న గొడవ పడ్డాడట. నేను చస్తే నువ్వు ఏడవ్వు అన్నాడట. ఏడుస్తుందో లేదో చూద్దామని వెళ్ళాడు. మడ్డి బుర్ర! నాకు ఏడుపూ వచ్చింది, లాగి ఒకటి కొడదామనీ అనిపించింది. కొట్టడానికి వాడు లేడు.

హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టాను. తాళం ఉప్పుకి బిగుసుకుపోయి సగమే తిరిగింది. ఏడుపు సన్నగా వస్తూనే ఉంది. దాలినాయుడు టీ పోస్తున్నవాడల్లా ఆగాడు.

"మేడం, ఆ దగ్గు."

"ఏ దగ్గు?"

"వెక్కినాక సిన్న దగ్గొత్తాది కదా. తవిటిగాడి అమ్మకీ అలగే వొచ్చింది."

ఏడుపులన్నీ ఒకలాగే ఉంటాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దొరకగానే తాళం తిప్పడం, పంపెయ్యడం, అంతే. రెండు హెల్మెట్లు ఒక్కచోట ఉన్న రోజు ఇంతవరకూ లేదు. బీరువా తెరిచి తవిటయ్యది తీశాను. ముసలయ్య దాని పక్కన పెట్టాను. ఇద్దరం ఒక్కసారే తాళాలు వెనక్కి తిప్పాం.

"ఎల్లిపోనావా... నన్నొగ్గీసి ఎల్లిపోనావా..." ఒకరి తల్లి, ఇంకొకరి భార్య. ఒకే మాట, ఒకే చోట వెక్కు, ఒకే దగ్గు. తేడా లేదు. రెండు హెల్మెట్లూ ఒక్క గొంతుతో ఏడుస్తున్నాయి.

"ఓలమ్మో," అన్నాడు దాలినాయుడు. టీ బల్ల మీద పారబోశాడు.

రెండూ సంచిలో వేసుకుని గొంతుల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ రికార్డు చేసే ఆవిడ భాగ్యవతి. మా అక్క గొంతూ ఈవిడే తీసింది. నెమ్మదైన మనిషి, ఎదటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడదు. హెల్మెట్లు రెండూ ఆవిడ ముందు పెట్టి తాళాలు వెనక్కి తిప్పాను. ఆవిడ గబగబా లేచి తలుపు మూసింది.

"ఎవరిదిది?" అన్నాను.

"ఆపండి మేడం, ముందు ఆపండి." ఆపాను. ఆవిడ కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. "అయిదో మెట్టుకి ఎవరూ ఏడవరు మేడం. మొదటి నాలుగూ చక్కగా చెప్తారు. అయిదోదానికొచ్చేసరికి లేచి నిలబడిపోతారు. బతికున్న పిల్లకి శోకాలు పెట్టమంటావా అని నా మీద చెయ్యెత్తినవాళ్ళున్నారు. అలాంటి మాట నోట్లోంచి వస్తే జరిగిపోతుందని భయం. మీరైతే అంటారా?"

"అనను."

"చూశారా. ఆ సంగతి పైకి రాస్తే, నాటకాలాడే ఎవరో ఒకావిడ చేత ఏడిపించి పంపారు. ఆవిడకీ నాటకం కోసమనే చెప్పారట. కొడుకైనా కూతురైనా మొగుడైనా పనికొచ్చే మాటలే పెట్టారు. ఒప్పుకోనివాళ్ళందరికీ అదే అతికిస్తున్నాం. ఆ వేగంలో, ఆ గాలి హోరులో ఏడుపు ఎవరి గొంతో ఎవరికీ తెలియదు."

"ఒప్పుకున్నవాళ్ళు ఎందరు?"

 భాగ్యవతి బల్ల మీద వేలితో గీతలు గీసుకుంటూ కూర్చుంది. నాకు జవాబు వచ్చేసింది.

అంటే ఈ తీరం కుర్రాళ్ళు ఎవరి ఏడుపు కోసం చస్తున్నారు? ముక్కూ మొహం తెలియని ఒకావిడ, కూలికి ఏడ్చిన ఏడుపు కోసం. దాని కోసం ముసలయ్య పెళ్ళాన్ని ముండమోపిని చేసి వెళ్ళాడు. దాని కోసం మా కోమలి మడ్‌గార్డు పీకింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఆఫీసు బల్లలన్నీ తిరగేసి పోదామనిపించింది.

"మా అక్కది?" అన్నాను.

"మీ అక్కదీ అంతే. ఆవిడ అసలు ఏమన్నదో అది స్టోరులో ఉంది. చట్టం ప్రకారం చెరపకూడదు, బయటికీ ఇవ్వకూడదు. బండి తోలే మనిషి పోతే మాత్రం విచారణకని మీకు ఇవ్వచ్చు." సొరుగులోంచి కాగితం తీసి నా ముందుకు తోసింది. గొంతు బాగా తగ్గించింది. "కోమలి పోయిందని ఒక్క లైను రాసి సంతకం పెట్టండి. ఇచ్చేస్తాను. రేపు పొరపాటైందని కొట్టేసుకోవచ్చు."

కలం తీసుకున్నాను. కోమలి అని రాశాను. ఆ తర్వాత రాయాల్సిన మాట రాయలేదు. చెయ్యి రాక కాదు, రాయను. కాగితం నలిపి నేల మీద పారేశాను.

"ఆ మాట నా చేత్తో రాయనే. నువ్వు ఇస్తే ఇయ్యి, లేకపోతే తలుపు ఇరగ్గొడతాను."

భాగ్యవతి మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "మీ ఇంటి ఆడాళ్ళందరూ ఇంతేనా?" అంది. స్టోరు తాళం మేనేజరు గదిలో ఉందట. రేపు పొద్దున్న ఆయన రాకముందు చూస్తానంది.

ఇంటికెళ్ళి కోమలికి అంతా చెప్పాను. అది పెదవి విరిచింది. "నన్నాపడానికి ఎన్ని కతలైనా అల్లుతావు పిన్నీ. పోలీసోళ్ళకి అలవాటే కదా." రెండు హెల్మెట్లూ చూపిద్దామంటే వాటిని గొంతుల ఆఫీసు మేనేజరు నేను బయటికొస్తుంటే గుమ్మంలోనే లాగేసుకున్నాడు. మా పెద్దసారుకి ఫోను కూడా చేశాడు. కోమలి గోడ వైపు తిరిగి పడుకుంది.

గురువారం

లేచేసరికి కోమలి పక్క ఖాళీ. బండి లేదు.

పోస్టుకు పరుగున వచ్చాను. దాలినాయుడు గుమ్మంలోనే తల దించుకుని నిలబడున్నాడు, చేతిలో కాగితం. నన్ను సస్పెండు చేశారట. గొంతుల ఆఫీసు పనిలో వేలు పెట్టినందుకట. ఆ ఏడుపు అబద్ధమని జనానికి తెలిస్తే భయం పోతుందట, ప్రమాదాలు పెరుగుతాయట. పెద్దసారు స్వయంగా రాశాడు, అదీ మూడు లైన్లు మించి.

"బండీ, బ్యాడ్జీ, లాఠీ తీసుకోమన్నారు మేడం," అన్నాడు దాలినాయుడు. వాడి కళ్ళలో నీళ్ళు. "నన్నేటి సెయ్యమంటారు?"

"రాసినవి తీసుకో," అన్నాను. ఇచ్చేశాను. తుఫాను మైకుల గది తాళంచెవి గురించి కాగితంలో ఎవరూ రాయలేదు. అది నా దగ్గరే ఉంచుకున్నాను.

అప్పుడే భాగ్యవతి బండి దిగింది. కొంగు నడుముకి బిగించి ఉంది, భుజానికి పెద్ద సంచి. నిన్నటి నెమ్మదైన మనిషి కాదు. గుప్పిట్లోంచి చిన్న రికార్డింగు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. "మీ అక్కది," అంది.

అదే సమయానికి కోమలి పోస్టు ముందు నుంచి దూసుకెళ్ళింది. నన్ను చూసింది. ఆగలేదు. ఉప్పుమళ్ళ రోడ్డు అవతలి కొస దాకా వెళ్ళి, అక్కడ తిరిగి, తిన్నగా వస్తూ వేగం పెంచుతారు. అదే పద్ధతి. కుర్రాళ్ళు అప్పటికే గట్ల మీద చేరి ఈలలు వేస్తున్నారు.

"తరుముతారా మేడం?" అన్నాడు దాలినాయుడు, నా బండి తాళం నాకే ఇవ్వబోతూ.

"తరిమితే ఇంకా జోరు పెంచుతాది. అడ్డమెడితే గుద్దేత్తాది. నువ్వు ఆ కుర్రోళ్ళని రోడ్డు మీంచి తోలెయ్యి."

మైకుల గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టాను. భాగ్యవతీ వచ్చింది. తుఫాను వచ్చినప్పుడు జనాన్ని లేపడానికి ఈ రోడ్డు పొడుగునా స్తంభాలకు మైకులు కట్టి ఉన్నాయి. ఒకటి మోగితే ఏరు అవతల దాకా వినిపిస్తుంది. బిళ్ళ పెట్టాను.  కిటికీలోంచి చూస్తే కోమలి కొసన తిరిగింది. ట్యాంకు మీదికి వంగింది. వస్తోంది.

మీట నొక్కాను.

ముందు కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత మా అక్క. ఏడాది తర్వాత మా అక్క.

"ఏటీ? మా గుంట సచ్చిపోనాదని అనుకోవాలా? అనుకుని ఏడవాలా? నీకేటైనా మతుందేటమ్మా?"

భాగ్యవతి గొంతు, సన్నగా: "రూలు అమ్మా. ఒక్క నిమిషం ఊహించుకోండి, చాలు."

"రూలైతే నువ్వే ఏడు. నానేడవను. పనొగ్గీసి వొచ్చింది ఇందుకేటి? బతికున్న పిల్లకి శోకాలెడతారేటి ఎవులైనా? నీ నోట మన్ను పడ!"

రోడ్డు పొడుగునా ప్రతి స్తంభమూ మా అక్కలాగ తిడుతోంది. గట్ల మీద ఈలలు ఆగిపోయాయి. ఉప్పుమళ్ళలో ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. కోమలి ఇంకా వంగే ఉంది. ఇంకా వస్తోంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని, ఇనవే, ఇనవే అని అరుస్తున్నాను. దానికి నా అరుపు వినపడదని తెలుసు.

"ఇదిగో, రాసుకో," అంది అక్క. "మా కోమలి ఇంటికొస్తాది. రోజూ వొస్తాది. ఆలీసమైతే కూర సల్లారిపోద్ది, తిడతాను, మూతి ముడుస్తాది, తింటాది. దానికి రెండో పాలి మజ్జిగ కావాల, అది అడగదు, నానే పోస్తాను. తిన్నాక పడుకుంటాది. అప్పుడు నాను పడుకుంటాను. అంతే. ఇందులో ఏడుపెక్కడుంది? నాకాడ నేదమ్మా. ఎంత జోరుగా తోలినా నాకాడ ఏడుపు దొరకదని సెప్పు దానికి. కూడు దొరుకుతాది."

కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు. తలుపు ధడేల్‌మంది. అయిపోయింది.

కోమలి వీపు నిటారైంది. ఎక్కడ నిటారైందో నేను చూడలేదు, నా కళ్ళకు ఏమీ కనపడలేదు. తుడుచుకుని చూసేసరికి బండి మెల్లబడుతోంది, ఇంకా మెల్లబడుతోంది. పోస్టుకు కాస్త అవతల ఆగింది. హెల్మెట్ తీసి, రోడ్డు మధ్యలో చతికిలబడింది.

నేను మళ్ళీ మొదటినుంచీ పెట్టాను. కుర్రాళ్ళు చుట్టూ చేరినా అది లేవలేదు, తల వంచుకుని వింటోంది.

రెండోసారి అయ్యేసరికి మళ్ళలోంచి ఆడవాళ్ళు వచ్చేశారు. చేతుల్లో ఉప్పు పారలు అలాగే ఉన్నాయి. అందరికన్నా ముందు తవిటయ్య తల్లి. "నానేడవనేదని సెప్పినానా నేదా!" అని కిటికీ కింద నిలబడి నా మీద కేకలేసింది. చెప్పింది. నేను నమ్మలేదు. "నాను కూడా తిట్టే వొచ్చినాను. మరి మా వోడికి ఎవుత్తి ఏడుపెట్టినారు?" వెనక ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నేనూ ఏడవలేదు, నేనూ ఏడవలేదు అని. ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారట. ఇన్నాళ్ళూ ప్రతి మనిషీ తనొక్కతే ఏడవనని చెప్పిందని అనుకుంటూ ఉంది.

భాగ్యవతి తన సంచి తెరిచి బల్ల మీద కుమ్మరించింది. బిళ్ళలు. గుట్టగా బిళ్ళలు.

"ఒక్కటే తెద్దామని వెళ్ళాను మేడం," అంది. "బీరువా తెరిచాక చెయ్యి ఆగలేదు. ఇన్నేళ్ళ తిట్లూ నేనే కదా తిన్నాను, అందరూ వినాలి." ఆవిడ నవ్వగా చూడటం ఇదే మొదటిసారి.

ఇప్పుడు రాస్తున్నది మైకుల గదిలోనే. పెద్దసారు జీపు వచ్చింది. ఆయన తలుపు బాదుతున్నాడు. "ఎవరి ఆర్డరు మీద మోగిస్తున్నావు?" అని అరుస్తున్నాడు. మా అక్క ఎర్నమ్మ ఆర్డరు మీద సార్, అని ఇక్కడినుంచే చెప్పాను. జనం జడుసుకుంటారంటాడు. జడుసుకోవడం లేదు సార్, కిటికీలోంచి చూస్తున్నాను, ఒక్కొక్క కుర్రాడూ బండి స్టాండు వేసి తన అమ్మ వంతు కోసం నిలబడ్డాడు. తవిటయ్య తల్లిది అయింది, ముసలయ్య పెళ్ళానిది అవుతోంది. ఆవిడ కింద కూర్చుని వింటోంది. ఇది నిన్న మోగి ఉంటే ఆ మనిషి బతికేవాడు. ఆ మాట కూడా రాసి పెడుతున్నాను, చదివి చావండి.

దాలినాయుడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడట. వాణ్ణీ సస్పెండు చేస్తారేమో. బుద్ధిమంతుడు, ఇన్నాళ్ళకి పనికొచ్చే పని చేశాడు.

కోమలి లేచింది. బండిని తోసుకుంటూ కిటికీ దగ్గరికొచ్చింది. ఎక్కలేదు. మొహమంతా తడి, ముక్కు ఎర్రగా ఉంది. ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"ఏడవనేదు పిన్నీ," అంది.

"లేదే."

"ఒక్క సుక్క ఏడవనేదు అమ్మ. నాకోసం ఏడవనంది!" అది నవ్వుతోంది, వెక్కుతోంది, చిన్నపిల్లలా గంతులేస్తోంది. "ఇంకోపాలి ఎట్టు."

తలుపు గడియ ఊగుతోంది. పెట్టాను.